చామనచాయకు ఏ క్రేయాన్?

ఏడో తరగతి డ్రాయింగ్ పీరియడ్‌లో "మీ ముఖం మీరే గీయండి" అన్నాను. గంట కొట్టేసరికి బల్లమీదికి చేరిన కాగితాల్లో జడలు, బొట్లు, కళ్లజోళ్లు వేరు గాని ముఖాలన్నీ ఒకటే లేత గులాబీ. ఇదేం రంగని అడిగితే "స్కిన్ కలర్ సార్" అన్నారు, అదీ ఒక్క గొంతుతో. ఆ క్రేయాన్ పట్టుకున్న ఒక అమ్మాయి చెయ్యి చింతపిక్క రంగులో నిగనిగలాడుతోంది. ఆ చెయ్యి తన చెంపకు గులాబీ పూస్తుంటే నా మనసు చివుక్కుమంది.

అమెరికాలో క్రేయోలా కంపెనీ ఆ రంగుకు 'ఫ్లెష్', అంటే ఒంటి రంగు అని పేరు పెట్టి, 1962లో దాన్ని 'పీచ్'గా మార్చుకుంది. 2020లో 24 ఒంటిచాయలతో విడిగా ఒక పెట్టె తెచ్చింది. మన పిల్లల నోట మాత్రం పాత పేరే ఉంది. వాళ్లను ఏమనగలం? పెళ్లి మాటల్లో "అమ్మాయి కాస్త చామనచాయ" అని గొంతు తగ్గించేది మనమే కదా.

మరుసటి వారం అందరినీ ఇంట్లోంచి చేతి అద్దం తెమ్మన్నాను. క్రేయాన్లు పక్కన పెట్టించి ఎరుపు, పసుపు, నీలం, తెలుపు పోస్టర్ కలర్లు మాత్రమే ఇచ్చాను. ఎరుపులో పసుపు కలిపి, ఓ చుక్క నీలం వేస్తే మట్టిరంగు దిగుతుంది. నలుపు ఇవ్వలేదు, అది పడితే ముఖం మసిబారుతుంది. ముంజేతిమీద చుక్క పెట్టుకుని, సరిపోలేదని తుడిచి, మళ్లీ కలిపారు. "సార్, నా నుదురు ఒక రంగు, బుగ్గ ఒక రంగు!" అని ఒకడు అరిచాడు. ఏడాది పాఠం వాడికి ఆ నిమిషంలో వచ్చేసింది.

మోడళ్లకు ఇచ్చే డబ్బుల్లేక వాన్ గోగ్ అద్దం ముందు కూర్చుని తన బొమ్మలు 35కు పైగా వేసుకున్నాడు. దగ్గరికెళ్లి చూస్తే కొన్నింట్లో ముఖం నిండా ఆకుపచ్చ, ఎరుపు గీతలు పక్కపక్కనే ఉంటాయి. పిల్లలకు అవి చూపించాను. తోట వైకుంఠం గీసిన తెలంగాణ ఆడవాళ్లనూ చూపించాను. ముదురు గోధుమ ఒళ్లు, పసుపు, ఎర్రటి బొట్టు, నిండైన చీర రంగులు. ఆ చింతపిక్క రంగు అమ్మాయి వాటి ముందునుంచి చాలాసేపు కదల్లేదు.

మీ పిల్లలకు రంగులపెట్టె కొంటే ఒక చేతి అద్దం కూడా కొనండి. ఆ గులాబీ క్రేయాన్‌ను మాత్రం స్కిన్ కలర్ అనకండి.