పెరటి పాదులు

కోనసీమ చూడవచ్చినవారు కొబ్బరితోటలూ, గోదావరి పాయలూ చూసి వెళ్ళిపోతారు. మా పెరళ్ళు చూడరు. వాటిని చూడాలంటే ఫాల్గుణమాసంలో రావాలి.

అప్పటికి చిక్కుడుపాదు కాపు ఉడిగి ఉంటుంది. ఎండుకాయలు విత్తనానికి దాచుకుని, తీగ లాగేసి, పందిరికి కొత్త వెదుళ్ళు కట్టుకోవాలి. గుంటలు తవ్వి, మాగిన పశువులఎరువు కలిపి, రాత్రి నానవేసిన బీర, పొట్ల గింజలు పాదుకు నాలుగేసి పెట్టాలి. బెండగింజలు మూరెడు ఎడంగా వేస్తే సుమారు 45 రోజులకు కూర వండుకోవచ్చు. లేతాకులకు పురుగు పట్టకుండా పొద్దున్నే, మంచుతడి ఆరకముందే, కట్టెల బూడిద చల్లుతారు. పొట్లకాయ వంకర తిరగకుండా చివర రాయి కట్టడం తరవాతి ముచ్చట.

ఈ తొందరంతా నీటికోసమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గరనుంచీ మాకు కాలువలే ప్రాణం. దాళవా పంట చేతికొచ్చాక వేసవిలో వాటిని కట్టేస్తారు. కాలువ ఎండితే మా నూతిలో నీరూ దిగిపోతుంది. ఆలోగా పాదులు వేళ్ళూనుకోవాలి.

ఈ ఏడు మా అమ్మ చేద లాగలేకపోయింది. సెలవుకు వెళ్ళిన నేను, నిలదొక్కుకున్న పాదులకు పూటపూటా చెంబుడేసి నీళ్ళు పోస్తున్నాను. అమ్మ అరుగుమీంచి చూసి, "అలా పైపైన తడపకురా. రోజు విడిచి రోజు పాదునిండా పొయ్యి. పైనే తడి దొరుకుతుంటే వేరు కిందికెందుకు దిగుతుంది? రేపు నువ్వు వెళ్ళిపోయాక దానికి ఎవరు పోస్తారు?" అంది.

మర్నాడు నేను చేదతాడు ముట్టుకోలేదు.