చివరి దీవెన

ఆదివారం ఆరాధన చివర్లో పాస్టర్‌గారు చేతులెత్తి దీవెన పలికేసరికి సగంమంది మనసు చెప్పుల దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది. ఆ దీవెన పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రిక చివర్లోది (13:14). క్రీస్తు కృప, దేవుని ప్రేమ, పరిశుద్ధాత్మ సహవాసం, మూడూ ఒక్క వాక్యంలోనే.

ఈ ముగ్గురూ ఒకే దేవుడనే త్రిత్వ సిద్ధాంతాన్ని తేల్చిన నైసియా, కాన్‌స్టాంటినోపుల్ సభలు 325, 381లలో జరిగాయి. అంతకు రెండున్నర శతాబ్దాలకు పైగా ముందే పౌలు ఇలా దీవించాడు. అదీ ఎవరిని? వర్గాలుగా చీలి కొట్లాడుకున్న సంఘాన్ని!

ముగ్గురుగా ఉన్న ఒకే దేవుణ్ణి నమ్ముతూ పక్కన కూర్చున్నవాళ్లతో మాటలు మానేస్తే ఎలా? త్రిత్వాన్ని పూర్తిగా వివరించడం నావల్ల కాదు. అలిగిన మనిషిని ముందుగా పలకరించడం మాత్రం చేతనవుతుంది.