పాటలో స్త్రీ, పనిలో స్త్రీ

మన దేశమున స్త్రీని వర్ణింపని పాట యరుదు. స్త్రీ చేసిన పనిని వర్ణించిన పాట యంతకంటె నరుదు. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి యాలోచించినచో సంఘసంస్కరణము చేయవలసిన పని యింకను నెంత మిగిలియున్నదో తెలియగలదు. నేను కలము పట్టిన నాటినుండియు నీ విషయము నన్ను వెన్నాడుచునే యున్నది. నేడు దానిని చదువరుల యెదుట నుంచుచున్నాను.

మా సోమశిల ప్రాంతమున పూర్వము పెండ్లియిండ్లలో నలుగుపాటలు, తలుపుదగ్గఱి పాటలు, అప్పగింతల పాటలు పేరంటాండ్రు పాడెడివారు. ఇప్పుడా స్థానమును లౌడుస్పీకరు పెట్టెలు చాలవఱకు నాక్రమించినవి. మార్పు సాధనములలోనే యైనచో నాకు విచారము లేదు. మాటాడువారిలోనే మార్పు వచ్చినది. తలుపుదగ్గఱి పాటలో వధువు లోపల నిలిచి, వెలుపలనున్న వరుని ప్రశ్నించును. అతడు తగిన యుత్తరము చెప్పువఱకు గడియ తీయదు. నేటి పెట్టెలోని పాటలో నా వయసు పిల్ల తఱచుగా నోరు విప్పదు. విప్పినను తన్ను జూడ రమ్మని పిలుచుటకే విప్పును. నడుము, కన్ను, పైటకొంగు అని ముక్కలు ముక్కలుగా నామెను లెక్కించుటయే కాని, ఆ ముక్కల నన్నిటిని మోయు మనిషి యొకతె కలదన్న స్మరణయే యుండదు.

ఇంతకంటె విచారకరమైన దింకొకటి గలదు. వలదన్న స్త్రీని వెంబడించుటయే ప్రేమ యని యనేక గీతములు బోధించుచున్నవి. పదేండ్ల బాలికలు పాఠశాల వార్షికోత్సవములందు వానికి నృత్యము సేయుచుండగా తల్లిదండ్రులు చప్పట్లు చఱచుట నేను పలుమాఱు చూచితిని. కొన్నియేండ్లకు నా పిల్ల బడికిబోవు త్రోవలో నొక కుఱ్ఱవా డదే పాటను ఈలవేయుచు వెంటబడును. అప్పుడు తండ్రి పిల్లచేత చదువు మాన్పించును. పాటను మాన్పవలెనని యతనికి దోచదు. పాట పాటయే కదా, దానికింత చర్చ యేల యనువారికి నా యుత్తర మిదియే.

మన స్త్రీలకు తమ పాట లేకపోలేదు. రోకటిపోటుతోడను తిరుగటి రాతితోడను పుట్టిన పాటలు వారివి. కృష్ణశ్రీ గారు సేకరింపగా ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో ప్రకటించిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ అను గ్రంథమును చూచినవారి కీ సంగతి తెలియును. ‘ఊర్మిళాదేవి నిద్ర’ యను పాట నొక్కదానిని దీసికొందము. వాల్మీకి యొకటి రెండు తావుల దప్ప తలపని యూర్మిళ యిచ్చట కథానాయిక. పదునాలుగేండ్లు నిద్రించి మేల్కొన్న యామె తన యెదుటనున్న పురుషుడు భర్త యని గుర్తింపక, పరస్త్రీని గోరి చెడిన యింద్రుని, రావణుని ఉదాహరించుచు వానిని గద్దించును. వాడు లక్ష్మణుడే కాని, తాను భర్తనని నిరూపించుకొనవలసిన భార మతనిమీద బడినది! వంటయింట దంచుచు విసరుచు నున్న స్త్రీల నోట ఇట్టి భావము పుట్టినది. దీనిని రచించిన తల్లి పేరు మాత్రము మన కందలేదు.

అయితే దోషము శృంగారమునందున్నదని నేననను. అట్లనుట మన సంస్కర్తలలో గొందఱు చేసిన పొరపాటు. తంజావూరి ప్రతాపసింహుని కాలమున ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రచించెను. దానిని బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపగా 1910లో వావిళ్లవారు ముద్రించిరి. వితంతువుల కన్నీరు దుడిచిన వీరేశలింగము పంతులుగారంతటి వారే ముద్దుపళని కవిత్వము నీతిబాహ్యమని నిందించిరి. పురుషుల కావ్యములలో నంతకు మించిన వర్ణనము లుండగా వానికి లేని నింద యీమెకేల యని నాగరత్నమ్మగారు వాదించిరి. కాని ప్రభుత్వము పుస్తకమును నిషేధించెను. ప్రకాశం పంతులుగారు మదరాసు రాజధానికి ప్రధానమంత్రిగా నుండిన కాలమునగాని యా నిషేధము తొలగలేదు. స్త్రీని గూర్చి పురుషుడు వ్రాసిన శృంగారము ప్రబంధమై నిలిచినది. స్త్రీ తన కోరికను తానే వ్రాసికొన్నది నేరమైనది. కావున పాటలో సిగ్గున్నదా లేదా యని యడుగుట చాలదు. అందు మాటాడువారెవరు, మాటపడువారెవరు అని యడుగవలయును.

మన సినిమాపాట కీ ప్రశ్న మిక్కిలి తగును. 1932లో విడుదలయైన ‘భక్త ప్రహ్లాద’కు చందాల కేశవదాసుగారు పాటలు వ్రాసిన నాటినుండి నేటివఱకు నా రంగమున పేరొందిన రచయిత్రులు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే. గాయనులకు గొఱత లేదు. పి. సుశీలగారు ఆఱు భాషలకు పైగా పాడిన 17,695 పాటలకు 2016లో గిన్నిస్ గుర్తింపు లభించినది. అనగా స్వరము స్త్రీలది, మాట పురుషులది. పాడుచు నటించుచు, 1953లో ‘చండీరాణి’కి దర్శకత్వము వహించి, ‘అత్తగారి కథలు’ వ్రాసిన భానుమతిగారి వంటివారు తమ మాటను తామే చెప్పిరి. కాని యట్టివా రెందఱు?

చట్టములు లేకపోలేదు. స్త్రీలను అసభ్యముగా జూపుటను నిషేధించు చట్టము 1986లో వచ్చినది. స్త్రీలను కించపఱచు దృశ్యము లుండరాదని 1991లో సెన్సారువారికి ప్రభుత్వము సూచన లిచ్చినది. అయినను పాట మాఱలేదు. కత్తెరకు కోయుటయే తెలియును, కుట్టుట తెలియదు.

కుట్టుట, చెక్కుట యెఱిగినవారిని జూడగోరినచో మా ప్రాంతపు ఉదయగిరికి రావలయును. కొండమీది దుర్గమును కృష్ణదేవరాయలు గజపతులనుండి 1514లో గెలిచెనని చరిత్రకారులు వ్రాసిరి. కొండక్రింద దిలావర్ భాయి వీథిలో కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కు కుటుంబములను గూర్చి వ్రాసినవారు తక్కువ. ఆ పనివారిలో ననేకులు ముసల్మాను స్త్రీలు. నర్ది, బిక్కి, దేవదారి మొదలైన కొండకఱ్ఱలే వారి సరకు. 1999 నాటి చట్టముననుసరించి ‘ఉదయగిరి కొయ్య చెంచాల’కు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరి పేరునకు రక్షణ కలిగినది, సంతోషమే. చెంచా చెక్కిన చేయి యెవరిదో మాత్రము కొన్నవారికి తెలియదు. ఊర్మిళ పాటకు గర్త్రి లేనట్లే ఈ చెంచాకును గర్త్రి లేదు.

ఆ పనిని చూచుచు గూర్చుండిన పూటలలో నాకు వ్రాతనుగూర్చి కొన్ని సంగతులు దెలిసినవి. కఱ్ఱకు నార యున్నది. దాని కెదురుగా ఉలి నడపినచో చీలును. భాషకు నట్టి నారయే కలదు; దానిని మన్నింపని వాక్యము మెఱసినను నిలువదు. చెంచాకొన నెంత లతలు చెక్కినను, పెదవికి దగులు నంచు నునుపుగా లేనిచో నది చెంచా గాదు. నగిషీ పిడికే కాని యంచునకు గాదు. మన గీతరచయితల నగిషీ యంతయు నంచునకే పట్టినది. నోట బెట్టుకొన్న పిల్లల పెదవులు కోసికొనుచున్నవి. పాటకు బాణీ ముందే సిద్ధమైయుండును, సన్నివేశ మితరులు నిర్ణయింతురు, మేమేమి సేయుదుమని వారందురు. కఱ్ఱముక్క కొలతయు ముందే యుండును. ఆ కొలతలోనే మంచి చెంచా చేయుటయే పనితనము.

ఇంకొక మాట. ఆ స్త్రీలు దినమంతయు రంపపుపొట్టులో గూర్చుండి పనిచేయుచుండగా ప్రక్కనున్న సెల్ ఫోను పాడుచుండును. అందలి పాట స్త్రీచేతిని పువ్వనును, తీగె యనును. ఇక్కడి చేతులకు కాయలు కాచినవి. ఆ చేతిని జూచిన పాట యింకను బుట్టవలసియున్నది. దానిని ముంబయి, మదరాసు, హైదరాబాదులు పంపునని మనము కాచుకొని యుండరాదు.

కావున సోదరీమణులకు నేను జేయు మనవి స్వల్పము. మీ యింటి పెద్దమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ బ్రదికియుండగనే వారి పాటలను వ్రాసియుంచుడు. పాడినవారి పేరును, ఊరిపేరును తప్పక చేర్చుడు. చెంచాయో చీరయో కొనునపుడు చేసినవారి పేరడుగుడు. పేరు తెలిసినచో బేరమాడు నోరు కొంత తగ్గును. వార్షికోత్సవములకు పాట నెన్నుకొను నుపాధ్యాయులు, ఈ పాటలో మా పిల్ల మాటాడుచున్నదా, మాటపడుచున్నదా యని యొక్క నిమిషము చూడుడు. వ్రాయగల బాలికలున్నచో వారిచేతికి కాగితమిచ్చి తమ పాటను తామే వ్రాయుడని ప్రోత్సహింపుడు. మొదటి పాటలు వంకరగానే యుండును. మొదటి చెంచాలును నట్లే యుండును.