ఇంగ్లీషు వాక్యబోధనము

మా ప్రాంతపు బాలురు ఇంగ్లీషున వాక్యము వ్రాయబూనినపుడు మొట్టమొదట జాఱవిడుచు మాట యొకటి కలదు. అది 'ఈజ్'. "మై ఫాదర్ ఫార్మర్" అని వ్రాయుదురు. "దిస్ లేక్ బిగ్" అని వ్రాయుదురు. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో గీత గీసి, విడిచిన మాటను పైన చేర్చును. మఱునాడు మరల నదియే తప్పు. ఇది అశ్రద్ధయని కొందఱందురు. తల్లిదండ్రులకు చదువు లేకపోవుటచే నిట్లైనదని మఱికొందఱందురు. మా యభిప్రాయ మట్లు కాదు. ఆ బాలుడు తెలుగు వ్యాకరణమును తు.చ. తప్పక పాటించుచున్నాడు. "మా నాయిన రైతు" అనుటలో క్రియ యెక్కడ నున్నది? లేని దానిని వాడేల తెచ్చును?

మేము మేడ్చలు శామీరుపేటల నడుమ బాలురకు ఇంగ్లీషు చెప్పనారంభించి యిరువదియేండ్లు దాటినది. ఈ సీమకు ఒకవంక నాగపురమునకు పోవు రహదారి, వేఱొకవంక కరీంనగరమునకు పోవు రహదారి; రెంటిని కలుపుచు నగరముచుట్టు తిరుగు వలయరహదారి. శామీరుపేటలో న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయ మున్నది. దాపుననే 'జీనోమ్ వ్యాలీ' యను పేర మందుల పరిశోధనశాల లున్నవి. ఇంగ్లీషు వచ్చినవాడు లోపల కుర్చీలో కూర్చుండుటయు, రానివాడు గేటువద్ద నిలుచుటయు ఇచ్చటి తలిదండ్రులు దినదినము కన్నులార చూచుచున్నారు. కావుననే కార్ఖానాలో దినకూలి చేయు తండ్రి సైతము "మా పిల్లకు ఇంగ్లీషు రావాలె సారూ" అని చేతులు పట్టుకొనును. ఆ కోరిక తప్పని మేమెన్నడు ననము. తమ బిడ్డల నెల్ల ఇంగ్లీషున చదివించుకొనిన పెద్దలు, కూలివాని బిడ్డకు మాత్రము మాతృభాష చాలునని వేదికలెక్కి యుపదేశించుట మాకు రుచింపదు.

మా తరగతిలో చేపలు పట్టువారి బాలిక యొకతె యుండెను. అంతకుముందు వేఱొక బడిలో చదివినది. ఆ బడిలో తెలుగు మాటాడినవారికి జుర్మానా వేయుదురట. పాఠము చివరనున్న ప్రశ్నల కెల్ల గడగడ జవాబులు చెప్పును. మీ నాయిన యేమి చేయునని ఇంగ్లీషున నడుగగా తల వంచుకొనెను. అదియే తెలుగున నడిగితిమి. వలలలో నెన్ని విధములో, ఏ చేప ఏ యొడ్డున చిక్కునో, చెఱువు ఎండిన యేడు ఇల్లెట్లు గడచినదో చెప్పుచు గంట కొట్టువఱకు ఆగలేదు. లోపల నింత మాట గల బిడ్డను ఆ బోధనము మూగను జేసినది.

అటువంటి బిడ్డకు ఇంగ్లీషు వాక్యము నెట్లు చూపవలెను? మేము తెలుగు వాక్యమునుండియే మొదలిడుదుము. ముగ్గురు బాలురను ముందఱికి పిలిచి, ఒకని చేతికి 'పిల్లి', ఒకని చేతికి 'ఎలుకను', ఒకని చేతికి 'పట్టింది' అను చీటీ లిత్తుము. మొదటి యిద్దఱు తావులు మాఱినను అర్థము మాఱదు. ఎలుకను పిల్లి పట్టినను, పిల్లి ఎలుకను పట్టినను చచ్చునది ఎలుకయే. ఏలయన, ఎలుక తోకకు 'ను' కట్టియున్నది. పిమ్మట ఇంగ్లీషు చీటీ లిచ్చి అట్లే తావులు మార్పింతుము. వెంటనే ఎలుక పిల్లిని పట్టును! తరగతి యంతయు నవ్వును. ఇంగ్లీషు నామమునకు 'ను' లేదు. అది నిలిచిన చోటే దానికి విభక్తి. ముందు నిలిచినది కర్త, నడుమ క్రియ, వెనుక కర్మ. సంస్కృతము చదివినవారికి ఈ సంగతి చెప్ప నక్కఱలేదు. అచ్చట విభక్తి బలముచే పదములు స్వేచ్ఛగా తిరుగును.

కర్త పీట ఎన్నడును ఖాళీగా నుండరాదనుట రెండవ సంగతి. మనము "తిన్నాను" అందుము. తిన్నవాడెవ్వడో ఆ క్రియ చివరనే తెలియును. ఇంగ్లీషు క్రియకు అట్టి తోక లేదు గనుక "ఐ" అని వేఱుగ చెప్పవలెను. వానకు సైతము వారు పీట వేయుదురు: "ఇట్ ఈజ్ రెయినింగ్". ఆ 'ఇట్' ఎవరు సార్ అని బాలు రడుగుదురు. ఎవరును గారు; పీట ఖాళీగా నుండరాదని కూర్చుండబెట్టిన బొమ్మ యని చెప్పుదుము. ఈ సమాధానముతో వారు తృప్తిపడుదురు.

ఇక 'ఈజ్' సంగతి. "నేను చిన్నోన్ని, నువ్వు పెద్దోనివి, వాడు పెద్దోడు" అని పలికించి, మాటల తోకలను చూడుమందుము. 'నేను' అన్నపుడు తుద నొక 'ని', 'నువ్వు' అన్నపుడు 'వి'. ఇంగ్లీషువాడు 'యామ్', 'ఆర్' అను మాటలచే చేయించు పనిలో కొంత మన తెలుగు ఆ చిన్న తోకలచే చేయించుచున్నది. 'వాడు' అన్నపుడు మాత్రము తోక లేదు. 'ఈజ్' జాఱిపోవునది సరిగా నచ్చటనే! సంస్కృతవైయాకరణు లిట్టి చోట 'అస్తి' యను క్రియను అధ్యాహారము చేసికొందురు. ఇంగ్లీషువాడు పైకి చెప్పి తీరవలెను. మేడ్చలు కార్ఖానాల పనికై బీహారునుండి వచ్చినవారి బిడ్డలు కొందఱు మా బడిలో చదువుచున్నారు. వారి వ్రాతలో వేఱు తప్పు లుండును గాని 'ఈజ్' అంతగా జాఱిపోదు. వారి హిందీలో 'హై' యున్నది గదా!

మఱికొన్ని తప్పులు చూచిన మాకు ముచ్చట కలుగును. "మై గ్రాండ్‌మదర్ ఆర్ కమింగ్" అని యొకడు వ్రాసెను. అవ్వను ఏకవచనమున చెప్పుటకు వానికి నోరాడలేదు. ఆ మర్యాద ఇంగ్లీషున లేదని చెప్పి దిద్దితిమి, మార్కు తగ్గింపలేదు. "ఫీవర్ కేమ్ టు మీ" అని మఱియొకడు. మనకు జ్వరము చుట్టమువలె వచ్చి పోవును; ఇంగ్లీషువాడు దానిని సైతము ఆస్తివలె కలిగియుండును. మనము, మేము అను భేదమును వారి 'వీ' యెఱుగదు. ఈ వ్యాసమున మేము 'మేము' అని వ్రాయుచున్నాము గదా, దీనిని ఇంగ్లీషు చేసినచో చదువరులు అందు చేరుదురో లేదో తేలదు. జింకలలో ఒకటైనను పదియైనను 'డీర్' ఏ యగుట మాత్రము శామీరుపేట జింకలపార్కు చూచివచ్చిన బాలురకు ఒక్కసారి చెప్పిన చాలును.

ఇంగ్లీషు గంటలో తెలుగు చొరబడినచో ఇంగ్లీషు చెడునని వాదించువారు గలరు. వారు చరిత్రను కొంచెము తిరుగవేయవలెను. కుంపిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకు మద్రాసున 1812లో సెంటుజార్జికోట కళాశాల నెలకొల్పబడినది. క్యాంబెలు దొర తెలుగు వ్యాకరణము 1816లోను, బ్రౌను దొర వ్యాకరణము 1840లోను వెలువడినవి. అవి యే భాషలో వ్రాయబడినవి? ఇంగ్లీషున. అనగా, తెల్లవారు తెలుగు నేర్చుకొనునపుడు తమ భాషలోనే వివరణము వ్రాసికొనిరి. పెరిగి పెద్దలైన యుద్యోగులకు తగిన సాయము, ఎనిమిదేండ్ల మన బిడ్డకు తగదా?

మా సీమకు పరభాషాబోధనము క్రొత్తది కాదు. నిజాము ప్రభుత్వకాలమున ఇచ్చటి సర్కారు బడులలో చదువు ఉర్దూలో సాగెడిది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఉర్దూ మాధ్యమముననే స్థాపించిరి. ఇంటిలో తెలుగు, బడిలో ఉర్దూ. చదివినవారు చదివిరి, తక్కినవారు పశువుల వెంట పోయిరి. 1948 తరువాత ఆ స్థితి మాఱి, తెలుగు క్రమముగా బడిలోనికి వచ్చినది. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో ఒకటినుండి ఎనిమిదవ తరగతివఱకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టిరి. అయితే ఈసారి ఒక మంచిపని జరిగినది: పాఠ్యపుస్తకములను ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగుగా ముద్రించిరి. తెలుగు పుటను చూచుట దొంగతనమని బాలురకు తోపింపకున్న చాలును. 2018 నాటి చట్టముచే ఈ రాష్ట్రమున ప్రతి బడిలోను తెలుగు తప్పక బోధింపవలెను గదా. ఆ తెలుగు పంతులును ఇంగ్లీషు పంతులును వారమున కొకమారైన కలిసి కూర్చున్నచో, విభక్తుల పాఠము ముగిసిన మఱునాడే కర్త కర్మల పీటలు వేయవచ్చును. ఇందులకు ప్రభుత్వపుటుత్తరు వక్కఱలేదు.

ఇంటిలోని తల్లులు తమకు ఇంగ్లీషు రాదని వెనుదీయుచున్నారు. వారు చేయదగిన పని యున్నది. బిడ్డ ఇంగ్లీషు వాక్యము చదివినపుడు "ఎవరు? ఏమి చేసిరి? దేనిని?" అని తెలుగున మూడు ప్రశ్న లడిగిన చాలును. జవాబు రాకున్నచో బిడ్డకు వాక్యము తెలియలేదన్నమాట. గడగడ చదువుటను చూచి మోసపోరాదు. పైన చెప్పిన బాలిక తల్లి రాత్రివేళ వల అల్లుచు నిట్లే యడిగెడిది. ఆఱు నెలలకు ఆ బిడ్డ తండ్రినిగూర్చి ఇంగ్లీషున అయిదు వాక్యములు వ్రాసి తెచ్చినది. అయిదింటను కర్త తన పీటమీదనే యున్నాడు; 'ఈజ్' రెండు చోట్లను నిలిచినది. "మై ఫాదర్ క్యాచ్ ఫిష్" అనుచోట 'క్యాచ్' చివర రావలసిన తోక మాత్రము రాలేదు. ఇంగ్లీషు క్రియలు పూర్వము ధరించిన పురుషప్రత్యయములలో మిగిలిన ఆ యొక్కటి మా పిల్లలకు మిక్కిలి యాలస్యముగా పట్టుబడును. దానికి తొందర లేదు. వచ్చు నేడు చూచుకొందము.