స్టిక్కరు మీద వెలుగు

బరంపురంలో మా కుటుంబానిది మూడో తరం. ఇంట్లో అందరం కలిసి తెలుగు మాట్లాడుకునేది రాత్రి ఎనిమిది దాటాక, హాల్లో మా అమ్మ సీరియల్ చూసే వేళలోనే. మా అబ్బాయికి కాలేజీలో ఇంగ్లీషు, స్నేహితులతో ఒడియా. మీలో చాలామంది ఇళ్లలోనూ ఇదే వరస అనుకుంటాను.

2025 దీపావళి ముందు వాడు, "నాన్నా, నా ప్లేస్టేషన్ 5కి మంచి హెచ్.డి.ఆర్. టీవీ కొనుక్కుంటాను. డబ్బు దాచుకున్నాను. నా గదిలో పెట్టుకుంటాను" అన్నాడు. ఖర్చు మాట అటుంచి, ఆ గది తలుపు మూసుకుంటుందన్న దిగులు నాకు పట్టుకుంది. అయినా కాదనలేదు. సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది కూడా. ఇద్దరం బజారుకు బయల్దేరాం.

దుకాణంలో అన్నిటి మీదా హెచ్.డి.ఆర్. స్టిక్కరే. ధరల్లో మాత్రం రెండు మూడింతల తేడా! అబ్బాయే విడమరిచి చెప్పాడు. ఒకే బొమ్మలో మిరుమిట్లు గొలిపే వెలుగూ, చిక్కటి చీకటీ వివరాలు పోకుండా కనిపించడమే హై డైనమిక్ రేంజ్. పాత పద్ధతిలో బొమ్మను 100 నిట్ల వెలుగు లెక్కన తయారు చేసేవారు. ఇందులో 1000 నిట్లు మామూలు. ఒక్కో మూలరంగుకు 256 ఛాయలకు బదులు 1024. చవక టీవీ ఆ సంకేతాన్ని తీసుకుంటుంది గాని, చాలావాటి వెలుగు 300 నిట్ల దగ్గరే ఆగిపోతుంది.

"అంటే సంతకం సరిగానే ఉంది, ఖాతాలో డబ్బు లేని చెక్కన్నమాట" అన్నాను. వాడు పకపకా నవ్వాడు.

ఆ తర్వాత లోను దరఖాస్తు పరిశీలించినట్టే ఒక్కొక్కటీ అడిగాను. వెలుగెంత? తెర వెనక దీపాలు భాగాలుగా ఆరతాయా? 4కెలో సెకనుకు 120 ఫ్రేములు తీసుకునే హెచ్.డి.ఎం.ఐ. పోర్టు ఏది? బటను నొక్కాక తెర మీద ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ ఉందా? ప్లేస్టేషన్ 5 ఆటలకు హెచ్.డి.ఆర్. 10 చాలు గనుక, ఆటల కోసం డాల్బీ విజన్‌కు అదనంగా ఇవ్వనక్కర్లేదని కూడా తెలిసింది.

ఇవన్నీ ఉన్నది 55 అంగుళాలది. వాడి డబ్బు 43కే సరిపోతుంది.

"తేడా నేనిస్తాను. టీవీ హాల్లో ఉంటుంది. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా నాన్నమ్మది" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "వడ్డీ లేదుగా?" అన్నాడు.

ఆ రాత్రి బిగించాక వెలుగు సరిచేసే తెర వచ్చింది. గుర్తు కనీకనిపించనంత వరకు మార్చుతూ పోవాలి. నాకు మాయమైపోయింది. వాడూ లేదన్నాడు. కంటి ఆపరేషనైన మా అమ్మ మాత్రం, "అదుగో, సూరీడులా ఉంది కదరా!" అంది. వాడు ఒక మెట్టు పైకి జరిపాడు.

ఇప్పుడు తొమ్మిదిన్నరకు కూడా అమ్మ లేవదు. వాడు ఆడుతూ ఆ కథ ఆవిడకు తెలుగులో చెబుతాడు. మొన్న 'నీడ' అనే మాట దొరక్క తడబడితే ఆవిడే అందించింది.