తుల్యబలం - అధికార నిర్ణయం



వేదాంత ప్రకరణ గ్రంథాల ఆరంభంలో అనుబంధ చతుష్టయాన్ని ప్రస్తావించడం మన సంప్రదాయం. అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే ఆ నాలుగింటిలో ప్రథమ స్థానం అధికారిది. ఈ విద్యకు తగినవాడు ఎవడు, వాని యోగ్యత ఎంత అన్నది తేలిన తరువాతనే విషయ వివరణ. ఈ అధికార విచారాన్ని నేను ఇటీవల ఒక విచిత్ర రంగంలో మననం చేస్తున్నాను. అది సెల్‌ఫోనులో ఆడే గోల్ఫు ఆట.

పదవీ విరమణానంతరం మోకాళ్ళ నొప్పి వల్ల నా సాయంకాల నడక తగ్గిపోయింది. డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయి ఈ ఆటను నా ఫోనులో అమర్చి నేర్పాడు. ప్రతి ఆదివారం ప్రాతఃకాలం, సంధ్యావందనం ముగిసిన పిమ్మట, వాడితో ఒక ఆట. అక్కడ వాడికి అప్పుడు శనివారం రాత్రి. తక్కిన దినాలలో ప్రత్యర్థి ఎవరో అపరిచితుడు. ఆ అపరిచితుని ఎన్నుకునేది నేను కాదు, యంత్రం. నా స్థాయికి తగినవానిని అది ఎట్లా అన్వేషిస్తున్నది?

ఇట్టి అన్వేషణకు ఆధారమైన ప్రసిద్ధ గణితం చదరంగానికి చెందినది. హంగరీలో జన్మించి అమెరికాలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన అర్పాద్ ఎలో దానిని రూపొందించాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో దానిని స్వీకరించింది. ప్రతి ఆటగానికీ ఒక సంఖ్య ఉంటుంది. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తరుగుతుంది. ఇద్దరి సంఖ్యలు సమానమైతే ఇరువురికీ విజయావకాశం సగం సగం. భేదం 200 అయితే అధికునికి నూటికి సుమారు 76 పాళ్ళు, 400 అయితే సుమారు 91 పాళ్ళు. నేటి అంతర్జాల క్రీడలు అనేకం దీనినో, దీని నుండి పుట్టిన పద్ధతులనో అనుసరిస్తున్నాయి.

ఇక్కడ సాధకుడు ఒక్క క్షణం ఆగవలసిన విషయం ఒకటి ఉన్నది. న్యాయమైన పోటీ కావాలని అందరమూ కోరుతాము. తుల్యబలునితో పది ఆటలు ఆడితే సగటున ఐదింటిలో ఓటమి తప్పదు. అది వ్యవస్థలోని లోపం కాదు, న్యాయం యొక్క స్వరూపమే అది. ఎల్లప్పుడూ గెలవాలని కోరేవాడు న్యాయమైన పోటీని కోరడం లేదు, తనకన్న దుర్బలుని కోరుతున్నాడు. జయాపజయాలను సమంగా చూడమని భగవానుడు అర్జునునికి బోధించాడు. యంత్రం వాటిని సంఖ్యలో సమం చేయగలదు. మనస్సులో సమం చేసుకోవలసినవాడు సాధకుడే.

ఈ న్యాయానికి భంగం కలిగేది ప్రధానంగా కాపట్యం వల్ల. ప్రవీణుడు కొత్త పేరుతో ప్రవేశించి ప్రారంభకులను ఓడిస్తాడు. దీనిని స్మర్ఫింగ్ అంటారు. మరొకడు కావాలనే కొన్ని ఆటలు ఓడి, తన స్థాయిని తగ్గించుకొని, బహుమతి ఉన్న పోటీలో విజృంభిస్తాడు. ఇది శాండ్‌బ్యాగింగ్. వేరొకడు తన ఖాతాను నేర్పరి చేతికి అప్పగిస్తాడు. ఈ చివరిది మనకు కొత్త కాదు. ద్యూతసభలో పణం ఒడ్డినవాడు దుర్యోధనుడు, పాచికలు వేసినవాడు శకుని. ఒకరి బదులు మరొకరు ఆడటం విషమమని ధర్మరాజు ఆనాడే ఆక్షేపించాడు. ఆ ఆక్షేపణను ఎవరూ పాటించలేదు. తరువాతి కథ లోకవిదితం.

మరొక సూక్ష్మ వైషమ్యం సాధనాలలో ఉన్నది. కొన్ని ఆటలలో ధనం చెల్లించి మేలైన క్లబ్బులు, బంతులు సంపాదించవచ్చు. అప్పుడు ఇద్దరి ట్రోఫీల సంఖ్య ఒకటే అయినా, ఒకనిది అభ్యాసబలం, మరొకనిది ఉపాధిబలం. భాగవతంలోని జరాసంధుని ఘట్టం ఇక్కడ స్మరణీయం. అతడు కృష్ణార్జునులను కాదని, తనకు తుల్యబలుడు భీముడేనని నిర్ణయించాడు. అంతటితో ఆగక, భీమునికి ఒక గదను తానే ఇచ్చి, రెండవ గదను తాను గ్రహించాడు. అధర్మపరుడైన రాజు సైతం బలమూ సాధనమూ రెండూ సమంగా ఉండాలని గుర్తించాడు! ఇందుకు భిన్నంగా, అస్త్రవిద్యా ప్రదర్శన నాడు కర్ణుని కులాన్ని, వంశాన్ని అడిగి ద్వంద్వయుద్ధానికి అడ్డు నిలిచారు. ఆ సభ సమత్వాన్ని కొలిచింది నైపుణ్యంతో కాదు, జన్మతో. ఈ విషయంలో నా ఫోనులోని యంత్రమే మేలు. అది నా గోత్రాన్నీ, వయస్సునూ అడగదు. నేను బంతిని ఎట్లా కొట్టానన్నదే చూస్తుంది.

మా అబ్బాయి విషయానికి వస్తాను. వాడు నాకన్న ఎంతో నేర్పరి. కొన్ని వారాలు గమనించాను. చివరి హోల్ వద్ద వాడి పుట్ తప్పకుండా గురి తప్పుతున్నది, నేను గెలుస్తున్నాను. ఒకనాడు అడిగాను: "ఏమిరా, కావాలని ఓడుతున్నావా?" కొంతసేపు మౌనం. "మీరు సంతోషిస్తారని, నాన్నగారూ" అన్నాడు. వాడి ప్రేమను నేను శంకించలేదు. అయితే రహస్యంగా ఇచ్చిన విజయం నన్ను వాడికి ఎదుట నిలబెట్టదు, వాడి దయకు క్రింద నిలబెడుతుంది. పైగా ఎంత దూరంలో ఉన్నా వాడితో నిజంగా గడిపే సమయం నాకు అదొక్కటే. దానిలో నటన ప్రవేశిస్తే మిగిలేదేమున్నది? "దాచి ఇవ్వవద్దు నాన్నా, లెక్క కట్టి ఇవ్వు" అన్నాను.

గోల్ఫు క్రీడలోనే దానికి మార్గం ఉన్నది. అదే హ్యాండిక్యాప్. 2020లో ప్రారంభమైన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో ఆటగాని ఇటీవలి 20 స్కోర్లలో ఉత్తమమైన 8 తీసుకొని సగటు కడతారు. అంటే అది మన చెడ్డ దినాలను కాక, మన సామర్థ్యాన్ని కొలుస్తుంది. ఆ కొలత గరిష్ఠంగా 54 వరకు ఉండవచ్చు. బలహీనునికి అన్ని స్ట్రోకుల వెసులుబాటు బహిరంగంగా లభిస్తుంది. నాకూ మా వాడికీ సుమారు పది స్ట్రోకుల భేదం. కనుక అత్యంత కఠినమైన పది హోల్స్‌లో నాకు ఒక్కొక్క స్ట్రోకు తగ్గించి కాగితం మీద లెక్క వ్రాసుకుంటున్నాము. వాడు పూర్తి శక్తితో ఆడుతున్నాడు. గత ఇరవై ఆదివారాలలో వాడివి పది, నావి తొమ్మిది, ఒకటి సమం.

జిజ్ఞాసువులకు నా విన్నపం ఇంతే. అందరికీ ఒకే సాధనాలు ఇచ్చే పోటీలను ఎన్నుకోండి. ఆరంభం నుండి ప్రతి ఆటనూ పూర్ణ ప్రయత్నంతో ఆడండి, అప్పుడే యంత్రానికి మీ స్థాయి యథార్థంగా తెలుస్తుంది. ఒక్క ఓటమిని బట్టి ప్రత్యర్థిని కపటి అనవద్దు, ఇరవై ఆటల తరువాత విచారించండి. స్నేహితుల మధ్య భేదం ఉంటే దానిని దాచక ముందే చెప్పుకోండి.

మందాధికారి అని శాస్త్రం చెప్పినప్పుడు అది తిరస్కారం కాదు, ఎక్కడ నుండి నడక మొదలుపెట్టాలో చూపే కరుణ. తన స్థాయిని ఉన్నదున్నట్లు అంగీకరించినవానికే తగిన గురువూ, తగిన సాధనా, తగిన ప్రత్యర్థీ లభిస్తారు. అయితే ఆ సంఖ్య ఉపాధికి చెందినది. పెరిగేదీ తరిగేదీ అదే. పెరుగుదలనూ తరుగుదలనూ చూస్తున్న సాక్షికి హ్యాండిక్యాప్ లేదు.

శ్రీకృష్ణార్పణమస్తు.