కుక్కరు కూత చెప్పిన గుట్టు

మా దమ్మాయిగూడకు దగ్గర్లోనే ఈసీఐఎల్ వుంది. డాక్టర్ ఎ.ఎస్. రావుగారి సారథ్యంలో 1967లో వెలసింది. ఆ గాలి సోకిందో ఏమో, మావాడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ తీసుకున్నాడు. నేను చెప్పేది తెలుగు పాఠం. మా యింట్లో వ్యాకరణానికీ విద్యుత్తుకీ యిలా వియ్యం కుదిరింది.

ఆ చదువుకు ఆసిలోస్కోపు కావాలి. వైద్యుడు నాడి చూసినట్టు అది విద్యుత్తు నాడి చూసి, తెరమీద గీతగా చూపిస్తుంది. కొనాలంటే మాటలా? మావాడు ల్యాప్‌టాప్‌నే ఆ పనికి పెట్టాడు. అందులోని సౌండ్‌కార్డు శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. కనుక సెకనుకు 20,000 కంపనాల దాకా చూడవచ్చునట. మైకు రంధ్రం సుకుమారం. అందుకని 1,00,000 ఓముల రెసిస్టరొకటీ, 2,200 ఓములది ఒకటీ కట్టి, వచ్చే వోల్టేజిని 46వ వంతుకు తగ్గించాడు. గోడలోని 230 వోల్టుల జోలికి పోనని వాళ్ళమ్మకు మాట కూడా యిచ్చాడు.

అన్నీ అమరాయిగాని, గీత కదలదే! యిల్లంతా నిద్రపోయాక మూడు రాత్రులు టంకం విప్పి, మళ్ళీ పెట్టాడు. నాలుగోనాడు, "నాకీ చదువు అచ్చిరాదు నాన్నా" అన్నాడు. నా గుండె కలుక్కుమంది.

సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కరు కూసింది. తెరమీద గీత లేడిపిల్లలా గెంతింది! చప్పట్లు కొడితే ఎగిరింది. తీగెను తాకితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. అంటే ల్యాప్‌టాప్ తన సొంత చెవితోనే వింటోందన్నమాట.

మావాడికి వెంటనే వెలిగింది. మా ల్యాప్‌టాప్‌కు వున్నది ఒకటే రంధ్రం. దానికి మూడు నల్లగీతల ప్లగ్గు కావాలి. వాడు పెట్టినది పాటలు వినే మామూలు ప్లగ్గు, గీతలు రెండే. దాని అడుగుముక్క పొడుగు కావడంతో మైకు దారినీ, గ్రౌండు దారినీ కలిపేస్తోంది. ఇక మైకు వున్నట్టు ఆ యంత్రానికి తెలిసేదెలా?

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి మూడు గీతలది తెచ్చాం. అడుగుముక్కకు మైకు తీగె, దాని పైముక్కకు గ్రౌండు తీగె అతికాడు. ఫోనులో 1,000 కంపనాల స్వరం పెట్టి తాకించగానే తెరనిండా నున్నని అలలు!

పదాలు రెండూ మంచివే అయినా సంధి కుదరకపోతే మాట చెడుతుందని నేను క్లాసులో చెబుతూ వుంటాను. పిల్లలు "నాకు రాదు" అన్నప్పుడు, వాళ్ళ బుర్రను అనుమానించే ముందు అతుకు ఎక్కడ తప్పిందో చూడడం మంచిది.

మావాడిప్పుడు ఆ మాట అనడం లేదు. యింట్లో ప్రతి వస్తువుకూ నాడి చూస్తానంటున్నాడు. వాళ్ళమ్మ మాత్రం మిక్సీని దాచేసింది.